ఐదు చోట్ల మట్టి

ముప్ఫయ్యొక్క ఏళ్ళపాటు లిఫ్టు తాత రోజూ తొమ్మిది అంతస్తులు ఎక్కాడు, దిగాడు, ఎక్కడికీ చేరలేదు. నగర కార్యాలయంలో పాత లిఫ్టు ఆయనది. ఇనుప జాలీ తలుపు లాగడం, ఇత్తడి పిడి తిప్పడం, లిఫ్టు గడపకీ అంతస్తు గడపకీ మధ్య వేలెడు తేడా లేకుండా ఆపడం, ఇంతే ఉద్యోగం. కూర్చోడానికి మూలన ఒక మూడుకాళ్ళ స్టూలు. నలభై ఏళ్ళకే తల ముగ్గుబుట్ట కావడంతో అప్పటినుంచే అందరికీ తాత అయిపోయాడు.

లిఫ్టెక్కినవాళ్ళు ఆయన్ని గోడలో భాగం అనుకుని మాట్లాడుకునేవారు. అందుచేత ఏ అంతస్తులో ఏం ఉడుకుతోందో ఆయనకి తెలిసేది. రెండో అంతస్తు భూములది, ఎవరికీ ఏదీ ఇవ్వదు. అయిదోది ఆరోగ్యానిది, అన్నిటికీ భయపడుతుంది, దేనికీ కిందికి దిగిరాదు. ఏడోది పథకాలది, పాత పనులకి కొత్త పేర్లు పెడుతుంది. ఒక ఫైలు రెండునుంచి ఏడుకి ఎక్కి, అయిదులో దిగి, మళ్ళీ రెండుకి చేరేసరికి దాన్ని మోసిన ప్యూను కొడుక్కి పెళ్ళయిపోతుందని తాత అనేవాడు. "కాగితం అంటే కింద దరఖాస్తులు తీసుకునే ఇన్‌వర్డ్ కిటికీలో ముద్ర పడ్డదే. ముద్ర పడనిది పుట్టని బిడ్డ. ముద్ర పడ్డదాన్ని చంపడం కమిషనర్ తరం కూడా కాదు." ముప్ఫయ్యొక్క ఏళ్ళ చదువులో ఆయన నేర్చుకున్న సూత్రం ఇదొక్కటే.

ఆ తర్వాత మీటలు నొక్కే లిఫ్టులు వచ్చాయి. తాతని, స్టూలుని ఒకే రోజు బయటపెట్టారు. ఒక శాలువా కప్పారు. స్టూలుకి అదీ లేదు.

ఇంట్లో రెండు గదులు, మూడో అంతస్తు. ఆ భవనానికి లిఫ్టు లేదు. భార్య అప్పటికే పోయింది. కూతురు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అల్లుడు దూరప్రాంతాల లారీ డ్రైవరు, నెలకి రెండుసార్లు ఇంటికొచ్చి, వచ్చిన రెండుసార్లూ నిద్రపోతాడు. తాత ఉద్యోగం పోయిన ఏడే మనవరాలు పుట్టింది. చంటిపిల్ల నిద్రపోతున్నంతసేపూ తాత కిటికీ దగ్గర నిలబడి, చెయ్యి పిడి మీద ఉన్నట్టే ఊరికే అటూ ఇటూ తిప్పేవాడు.

"నాన్నా, ఆ చెయ్యి ఆపుతావా? చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అనేది కూతురు.

"ఏ అంతస్తుకి అమ్మా?" అనేవాడాయన.

నవ్వేది. ఆ రోజుల్లో కూతురు ఇంకా నవ్వేది.

లిఫ్టులో విన్న కబుర్లలో ఒకటి ఆయనకి గుర్తుంది. రైలు పట్టాల పక్కన మూతపడ్డ పెయింటు ఫ్యాక్టరీ స్థలాన్ని ముక్కలు చేసి కూరగాయలు పండించుకోడానికి జనానికి ఇస్తారట. ఏడో అంతస్తు దానికో పేరు కూడా పెట్టింది. నగరం తన మంచి నేలని అమ్ముకుంటుంది. ఎవరూ కొననిది మిగిలితే దాన్ని పేదవాళ్ళకి దానం చేసి ఫోటో తీయించుకుంటుంది. పెయింటు కంపెనీ పోతూ పోతూ యంత్రాలు తీసుకుపోయింది, రేకులు తీసుకుపోయింది, ఆఖరికి కిటికీ చట్రాలు కూడా ఊడబీక్కుపోయింది. నేలలోకి ఇంకిపోయినదాన్ని మాత్రం వదిలేసింది, ఎందుకంటే అదొక్కటే అమ్ముడుపోదు.

తాతకి అదేమీ తెలియదు. మొదటి రోజే వెళ్ళి దరఖాస్తు పెట్టాడు. పన్నెండు ముక్కలు, పన్నెండు కుటుంబాలు. తాతది మూడో నంబరు. పక్కన నాలుగో నంబరు ఒక బట్టలు కుట్టే ఆవిడది. ఎప్పుడూ మెడలో కొలతల టేపు వేలాడుతూ ఉండేది, మొక్కల మధ్య దూరం కూడా దాంతోనే కొలిచేది. అందరూ కుట్టక్క అనేవారు.

నేల ఇవ్వడం అయిపోయింది కానీ అనుమతి పత్రం రావాలి. పత్రానికి నాలుగు పేజీల షరతులు. కోళ్ళని పెంచకూడదు. కంచె నడుము ఎత్తు మించకూడదు. అరవై రోజులు బీడుపెడితే అనుమతి రద్దు. అన్నిటికంటే పైన ఒకటి: ప్రతి ముక్కలోనూ ఐదు చోట్ల, జానెడు లోతున మట్టి తీసి, కలిపి, పరీక్షకి ఇవ్వాలి. తీయాల్సింది ఆరోగ్యశాఖ సిబ్బంది.

ఆరోగ్యశాఖ అంటే అయిదో అంతస్తు. అది దేనికీ కిందికి దిగిరాదని తాతకి తెలుసు. ఆయనే పైకి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా ఇరవై ఏళ్ళు తాత లిఫ్టులో ఎక్కినవాడు, కుర్చీ చూపించాడు.

"పన్నెండు పొట్లాలా? ఎవరొస్తారు తాతా ఆ పట్టాల పక్కకి? నువ్వు మనవాడివే కదా. ఒక్క పొట్లం తెచ్చెయ్, అందరికీ దాన్నే రాసేస్తాను. నేలంతా ఒకటే కదా," అన్నాడు గుమాస్తా.

"ఐదు చోట్ల అని రాశారు సారూ..."

"రాస్తారు. రాసేవాళ్ళు తవ్వుతారా?"

తాత నవ్వాడు. పై అంతస్తులో తనని మనవాడు అన్నందుకు ఛాతీ కాస్త ఉబ్బింది కూడా. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో అయిదో అంతస్తు ఆయన్ని కూర్చోమనడం అదే మొదటిసారి.

ఇక ఆ పొట్లం సంగతి. అప్పటికి తాత నేల చేతికొచ్చి రెండు నెలలు. మట్టి బూడిదరంగులో, గడ్డలు గడ్డలుగా, ఇటుక పెంకులతో ఉండేది. ఆయన దాంతో కుస్తీ పట్టలేక ఒక మూల మంచం అంత జాగాలో కొత్త మడి కట్టాడు. నగర పార్కులో తోటమాలులు ఊడ్చి గుట్టపోసిన ఆకులు ఏళ్ళతరబడి కుళ్ళి నల్లటి మట్టయ్యాయి. అది అడిగి తెచ్చుకున్నాడు. బస్సులో, ఒళ్ళో సంచి పెట్టుకుని, పదకొండు విడతలు. కండక్టరు ఒకసారి, "ఏంటి తాతా, ఎవర్నయినా పాతిపెట్టడానికా?" అని అడిగితే, "కాదు బాబూ, లేపడానికి," అన్నాడు. ఆ మడిలో వేలు గుచ్చితే మొదటి కణుపుదాకా మెత్తగా దిగేది. వాన వెలిసిన వాసన వేసేది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, తాతకి ఆ మడి అంతకన్నా ముద్దు.

పరీక్షకి మట్టి తీయమంటే ఆయన చెయ్యి ఎటు పోతుంది? ఇంటికి పెద్దమనిషి వస్తే పగిలిన కప్పులో కాఫీ ఇస్తామా? పిల్లని చూపించాలంటే పాత గౌనుతో నిలబెడతామా? తాత ఆ మంచి మడిలోంచే మట్టి తీశాడు. పుల్లలు ఏరాడు. ఇంట్లో పిండి జల్లెడ తెచ్చి జల్లించాడు కూడా.

కుట్టక్క తన ముక్కలోంచి తల పైకెత్తింది. "తాతా, మట్టికి పౌడరు కూడా రాస్తావా ఏంటి?"

"పెద్ద ఆఫీసుకి వెళ్తోందమ్మా. మన పన్నెండు ఇళ్ళ పరువు."

"అయితే ఆ చిరుగు కవర్లో పంపుతావా పరువుని? ఉండు."

మర్నాడు ఆవిడ నీలిరంగు మిగులు గుడ్డతో ఒక చిన్న సంచి కుట్టి తెచ్చింది. మూతికి దారం, దారానికి ముడి. అందులో పోసి తాత అయిదో అంతస్తుకి పట్టుకెళ్ళాడు. పదిహేను రోజులకి పన్నెండు అనుమతి పత్రాలు వచ్చాయి. పన్నెండింటిలోనూ ఒకే వాక్యం: నేల సాగుకు యోగ్యము.

పాసయింది పార్కు మట్టి. పత్రం వచ్చింది ఫ్యాక్టరీ నేలకి.

ఇందులో మోసం లేదు. ఉంటే బాగుండేది. మోసం చేసినవాడికి తను చేసింది తెలుస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు భయపడి ఆగిపోతాడు. గర్వంతో చేసినవాడికి ఆ తెలివిడి కూడా ఉండదు.

తర్వాతి నాలుగేళ్ళు ఆయన జీవితంలో మంచి రోజులు. మంచి మడి ఒక్కటే చాలక మిగతా నేలంతా కూడా మెల్లగా లొంగదీశాడు. పాలకూర, ముల్లంగి, బీన్సు, టొమాటో. కుట్టక్కతో కలిసి పందిరి వేశాడు. పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఆయన్ని సలహా అడిగేవారు. ఎవరింట్లో కుళాయి పాడైనా ఏ అంతస్తులో ఎవరిని కలవాలో ఆయనే చెప్పేవాడు. కూతురు పనికి వెళ్ళగానే మనవరాలిని చంకనెత్తుకుని నేల దగ్గరికి చేరేవాడు. పిల్ల పాకడం అక్కడే నేర్చుకుంది. నడక అక్కడే. పళ్ళు వస్తున్నప్పుడు ముల్లంగి పీకి, చొక్కాకి తుడిచి చేతికిస్తే చీకుతూ కూర్చునేది. మూతి చుట్టూ బూడిదరంగు మట్టి మీసం. కుట్టక్క చూసి, "ఏమే పోలీసూ!" అని పిలిచేది. ఆ పేరే ఉండిపోయింది.

పోలీసుకి రెండేళ్ళు నిండాయి, మాటలు రాలేదు. మూడు నిండాయి, "తా" అనేది, "ఇయ్యి" అనేది, అంతే. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి గంటసేపు ఏడ్చేది. తినమంటే కడుపు పట్టుకునేది.

"ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు ఆగకుండా మాట్లాడతారులే," అనేవాడు తాత. "మీ అమ్మకీ నాలుగేళ్ళకి గానీ రాలేదట. తర్వాత ఎవడైనా ఆపగలిగాడా?"

"అమ్మని అనకు నాన్నా, ఎదురు చెప్పడానికి లేదుగా పాపం," అనేది కూతురు. తర్వాత పిల్ల పళ్ళెంలో ఇంకో గరిటె పాలకూర వేసేది. "తిను తల్లీ. తాత పండించింది. మందుల్లేనిది. ఇది తింటే రక్తం పడుతుంది."

నాలుగో ఏడు ఏడో అంతస్తు మళ్ళీ నిద్రలేచింది. ఈసారి పథకం నిజంగానే మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. సాగు చేసేవాళ్ళకి నీటి కుళాయిలు, ఎరువు గుంటలు, వారానికోసారి అమ్ముకోడానికి నీడ ఉన్న బల్ల. అమ్మకానికి పోయే కూర కాబట్టి మళ్ళీ మట్టి పరీక్ష. ఈసారి పొట్లాలు వద్దన్నారు. ల్యాబువాళ్ళే బొరిగెలతో వచ్చి, ప్రతి ముక్కలో ఐదు చోట్ల, జానెడు లోతున దింపి తీశారు. వాళ్ళతో వచ్చిన ఆరోగ్యశాఖ ఉద్యోగిని పాతికేళ్ళ పిల్ల, మోకాళ్ళదాకా మట్టి పూసుకుని పని చేసింది. అయిదో అంతస్తు మనిషి కిందికి దిగడం చూసి తాత ఆనందపడి, ఆమెకి మట్టి మేడం అని పేరు పెట్టి, నాలుగు టొమాటోలు ఇచ్చాడు.

మూడు వారాలకి మట్టి మేడం తిరిగొచ్చింది. చేతిలో కాగితాలు. అందర్నీ పందిరి కిందికి పిలిచింది. నవ్వలేదు.

"ఇవాళ్టినుంచి ఇక్కడ పండినవి ఎవరూ తినకండి," అంది. "నేలలో సీసం ఉంది. పెయింటులో కలిపేవాళ్ళు పూర్వం. ఉండాల్సిన దానికి తొమ్మిది రెట్లు, కొన్నిచోట్ల పన్నెండు."

"తొక్క తీసి వండితే?" అంది ఎవరో.

"కాయల్లో తక్కువ. ఆకుల్లో ఎక్కువ, దుంపల్లో ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా అసలు భయం మట్టితోనే, పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు కదా... చిన్నపిల్లలున్నవాళ్ళు రేపే రక్తం చూపించండి. సీసం పిల్లల ఎదుగుదలని పట్టుకుంటుంది. మాటల్ని, చదువుని."

తాత ఒళ్ళో పిల్ల టొమాటో నలుపుతోంది. ఆయన మెల్లగా దాని గుప్పిట విప్పాడు.

మేడం కాగితం తిప్పింది. "విచిత్రం ఏంటంటే, మూడో నంబరులో ఒక మూల మాత్రం శుభ్రంగా ఉంది. మంచం అంత జాగా. ఇంకోటి, నాలుగేళ్ళ కిందటి రిపోర్టులో పన్నెండు ముక్కలూ బాగున్నాయని ఉంది. అది ఎలా రాశారో మాకు అర్థం కావట్లేదు. ఆ పరీక్ష చేసిన ల్యాబు అతని మీద విచారణ వేశారు."

"విచారణేంటి? వాణ్ణి తీసుకొచ్చి ఈ ముల్లంగులు తినిపించండి!" కుట్టక్క అరిచింది. "పిల్లలు తిన్నారు తల్లీ! నా ఇద్దరు పిల్లలూ తిన్నారు! పరీక్ష చెయ్యకుండానే రాసి పడేశాడు పోరంబోకు!"

అందరూ తలా ఒక మాట అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని సామెత. తాతకి చేతులు ఖాళీగా లేవు, పిల్ల ఉంది. అందువల్ల ఎవరూ గమనించలేదు.

రక్తం రిపోర్టులు వచ్చాయి. కుట్టక్క పిల్లల్లో చిన్నవాడికి కాస్త ఎక్కువ, పెద్దదానికి పర్వాలేదు. మిగతా ఇళ్ళల్లో కొంచెం అటూ ఇటూగా. పోలీసు కాగితం మాత్రం డాక్టరు రెండుసార్లు చూసింది. రోజంతా ఆ నేల మీద పెరిగిన పిల్ల అదొక్కటే మరి.

"ఇకపైన సీసం తగలకుండా చూస్తే రక్తంలోది తగ్గుతుంది," అంది డాక్టరు. "పాలు, ఇనుము మందు. మూడు నెలలకోసారి రండి."

"మాటలు?" అని అడిగింది కూతురు.

"మాటలు నేర్పేవాళ్ళ దగ్గరికి పంపిస్తాను. వస్తాయి. కానీ పోయినదంతా వస్తుందని చెప్పలేనమ్మా. అబద్ధం చెప్పలేను."

ఇంటికొచ్చాక కూతురు వంటింట్లో బుట్టలో మిగిలిన పాలకూర తీసి చెత్తలో వేసింది. అప్పుడే తాత చెప్పేశాడు. మడి, జల్లెడ, నీలం సంచి, అన్నీ. నిలబడే చెప్పాడు, పాత లిఫ్టులో నిలబడినట్టు.

కూతురు చెత్తబుట్ట మూత వేసింది. తర్వాత అంది, "ఐదు చోట్ల తియ్యమన్నారా?"

"ఊఁ."

"నీకు చదవడం వచ్చుగా నాన్నా."

"వచ్చు."

అంతే అంది. తిట్టి ఉంటే ఆయనకి పట్టుకోడానికి ఏదైనా దొరికేది. మర్నాటినుంచి పిల్లని లాండ్రీకి తనతోపాటే తీసుకెళ్ళి, దుప్పట్ల మూటల మధ్య కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టింది. తాతతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడటం మానేసింది. నీళ్ళొచ్చాయి. తలుపు వేసుకో. అన్నం ఉంది.

తాతకి కాలూచెయ్యీ ఆడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు, నిజమే. కానీ చెయ్యి కాలింది ఒకరిది, నిప్పు పెట్టాడంటున్నది ఇంకొకరిని. ముఖం కూడా ఎరగని ఆ ల్యాబు మనిషి ఎక్కడో కూర్చుని, తను చేసిన పరీక్ష సరైనదేనని చెబుతూ ఉంటాడు, ఎవరూ నమ్మరు. ఉద్యోగంలోంచి ఒకణ్ణి తీసి బయటపెట్టడం ఎలా ఉంటుందో తాతకి తెలుసు. అతనికి శాలువా కూడా కప్పరు.

నగర కార్యాలయానికి వెళ్ళాడు. కొత్త లిఫ్టులో మీట తనే నొక్కుకున్నాడు. అప్పటి గుమాస్తా ఇప్పుడు అదే అంతస్తులో సూపరింటెండెంటు. తలుపు వేయించి విన్నాడు.

"తాతా, ఇప్పుడు ఇదంతా ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు సారూ. ల్యాబు అతనిది తప్పు లేదని రాసుకోండి. మట్టి తీసింది నేను."

"తియ్యాల్సింది మేము. నీ చేత తెప్పించింది ఎవరని అడుగుతారు. అప్పుడు నా పేరొస్తుంది. ఇంకో మూడేళ్ళలో నా సర్వీసు అయిపోతుంది, తెలుసా నీకు?" గొంతు తగ్గించాడు. "ఆ ల్యాబువాడు కాంట్రాక్టు మనిషి. వేరేచోట చేరతాడు. ఫైలు అలా మూతపడిపోతుంది. నీ ముక్క నీకుంటుంది, కొత్త మట్టితో చెక్క పెట్టెలు కూడా వస్తున్నాయి. నోరు విప్పావనుకో, తప్పుడు నమూనా ఇచ్చినవాడికి అనుమతి రద్దు. పదకొండో షరతు. ఎందుకు చెప్పు? పెద్దవాడివి, ఇంటికెళ్ళు."

తాత లేచాడు. గుమాస్తా మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. ఎక్కడో ఒకణ్ణి నలిపేస్తే పన్నెండు ఇళ్ళకీ పెట్టెలొస్తాయి, అయిదో అంతస్తుకి నిద్రొస్తుంది. నగరం ఇలాగే నడుస్తుంది, మెత్తగా, కుదుపు లేకుండా, కొత్త లిఫ్టులాగా.

కిందికి దిగి, గేటు వైపు పోబోయినవాడు ఇన్‌వర్డ్ కిటికీ దగ్గర ఆగాడు. తెల్లకాగితం అడిగాడు. బల్ల అంచు మీద పెట్టి రాశాడు. అక్షరాలు పెద్దవి, వంకరటింకరవి. ఎవరు తెమ్మన్నారో రాశాడు, తెచ్చింది తనేనని రాశాడు, మంచి మడిలోంచి తీశానని రాశాడు. జల్లెడ సంగతి రాయాలా వద్దా అని కాసేపు ఆగి, అదీ రాశాడు.

కిటికీ అవతల అమ్మాయి చదవకుండానే ముద్ర కొట్టింది, నంబరు వేసింది, నకలు మీద కూడా కొట్టి ఇచ్చింది. ఠప్పు, ఠప్పు.

ఆ సాయంత్రం పందిరి కింద నిలబడి పన్నెండు ఇళ్ళవాళ్ళకీ అదే కాగితం చదివి వినిపించాడు. ఒకాయన చెప్పు విసిరాడు, తగల్లేదు. ఒకావిడ ఏడ్చింది. "మనవాడు మనవాడు అనుకుంటే మన నెత్తికే తెచ్చాడు," అన్నాడు ఇంకొకడు. తాత కదల్లేదు. మెల్లగా అందరూ వెళ్ళిపోయారు. కుట్టక్క ఒక్కతే మిగిలింది. మెడలోని టేపు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"నువ్వూ అనమ్మా," అన్నాడు తాత. "అనేసి వెళ్ళు."

"ఏమంటాను తాతా," అంది. "జల్లెడ పడుతుంటే చూసి నవ్వాను. సంచి కుట్టింది నేను. ముడి కూడా అందంగా వేశాను."

ఆవిడ కూడా వెళ్ళిపోయింది. మర్నాటినుంచి ఎదురుపడితే తల తిప్పుకునేది. తాత మీద కోపమో, తన మీదో, ఆయన అడగలేదు.

నెలరోజులకి ఫైలు కదిలింది. ల్యాబు మనిషి మీద విచారణ ఎత్తేశారని మట్టి మేడం చెప్పింది. సూపరింటెండెంటుని ఇంకో అంతస్తుకి మార్చారు, అంతే. పదకొండో షరతు కింద మూడో నంబరు అనుమతి రద్దయింది. పాత మట్టిని జానెడు లోతున ఎత్తి లారీల్లో తీసుకుపోయారు. నేల మీద దళసరి గుడ్డ పరిచి, నడుమెత్తు చెక్క పెట్టెలు దించి, కొత్త మట్టి పోశారు. తాత కంచె బయట నిలబడి చూశాడు.

మూలనున్న నల్లమడి దగ్గర కూలి ఆగాడు. పిడికెడు తీసి వాసన చూసి, "ఇది బంగారంలా ఉంది మేడం. ఇది కూడా ఎత్తెయ్యాలా?" అని అడిగాడు.

మట్టి మేడం కంచె వైపు చూసింది. "ఇది శుభ్రంగానే ఉంది తాతగారూ. మీరు కావాలంటే సంచుల్లో తీసుకెళ్ళండి. నేను రాసుకుంటాను."

తాత తల అడ్డంగా ఊపాడు. "ఎత్తెయ్యండమ్మా. దాన్ని చూసే కదా నేలంతా మంచిదన్నారు."

పదకొండు విడతలు బస్సులో తెచ్చిన మట్టి పది నిమిషాల్లో లారీ ఎక్కింది.

మూడు నెలల తర్వాత పిల్లకి మళ్ళీ రక్తం చూపించాల్సిన రోజు కూతురికి లాండ్రీలో సెలవు దొరకలేదు. పొద్దున చెప్పులేసుకుంటూ, తండ్రి ముఖం చూడకుండా, "దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళు. మధ్యలో ఎక్కడా దింపకు. ఏదీ ముట్టనివ్వకు," అంది. గుమ్మం దాటి, రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగింది. "నువ్వు కూడా ఏదైనా తిని వెళ్ళు నాన్నా."

పిల్లల విభాగం అయిదో అంతస్తులో. లిఫ్టులో ఇంకో నలుగురున్నారు. మీటలు చూడగానే పిల్ల చెయ్యి చాచింది. తాత ఎత్తి పట్టుకున్నాడు.

"ఐదు నొక్కు తల్లీ. ఐదు. ఇదిగో, ఒకటి, రెండు, మూడు..."

నాలుగున్నరేళ్ళ పిల్ల మీటల వైపు చూసింది, ఆయన నోటి వైపు చూసింది. పెదవులు కదిపింది, ఏమీ రాలేదు. తర్వాత అరచెయ్యంతా ఆనించి నొక్కింది. రెండు వెలిగింది, మూడు వెలిగింది, ఎనిమిది వెలిగింది.

"అయ్యో, ఏంటండీ! అన్నీ నొక్కించారు, చూసుకోవద్దా?" విసుక్కున్నాడు వెనకాయన. "మేం నాలుగుకి పోవాలి."

ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్క మనిషిని కూడా తప్పు అంతస్తులో దింపని తాత, ఆయనకి అడ్డంగా నిలబడ్డాడు.

"కాస్త ఓపిక పట్టండి బాబూ," అన్నాడు. "తప్పు నాది. పిల్లది కాదు."

రెండులో తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎక్కలేదు. మూసుకుంది. పిల్ల మీటల మీది వెలుగుని వేలితో తడుముతోంది. తాత దాని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చొక్కాకి తుడవబోయి ఆగి, జేబులోంచి ఉతికిన రుమాలు తీశాడు.